పోయిన మార్కులు ఎక్కడికి పోతున్నాయి?

(ఒడిశా సరిహద్దు పట్టణం పర్లాకిమిడిలో ప్లస్ టూ, అంటే ఇంటర్, సైన్సు పిల్లలకూ వాళ్ల పెద్దవాళ్లకూ ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష జేఈఈ మెయిన్ గురించి చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ బాబులు ముందుకొచ్చి కూర్చోండి, ఇక్కడ ఇంకా చోటుంది. అమ్మలూ, మీరు కూడా రండి. ఈ మాటల్లో సగం మీకోసమే.

ఇవాళ నేను ఫిజిక్సు చెప్పను, లెక్కలు చెప్పను. ఒక్కటే అడుగుతాను. మీకు రావలసిన మార్కులు ఎక్కడికి పోతున్నాయి? అడిగితే ఏటంటారు? "సరిగ్గా చదవలేదు మేస్టారూ" అంటారు. కొన్ని చదవక పోయిన మాట నిజమే. మరి తెలిసినవి కూడా పోయాయి కదా, అవి ఏ ఖాతాలో రాశారు? కిరాణా కొట్టాయనకి సాయంత్రానికి వంద రూపాయలు తగ్గితే ఊరుకుంటాడా? తీసుకున్నవాడు ఎవడు, తూకం తప్పిందా, చిల్లర ఎక్కువిచ్చామా అని పుస్తకం తిరగేస్తాడు. మీరు మాత్రం మాక్ టెస్టులో వంద మార్కులు తగ్గితే, మర్నాడు ఇంకో టెస్టు రాసేస్తున్నారు.

ముందు పేపరు సంగతి. 2025 నుంచి జేఈఈ మెయిన్‌లో 75 ప్రశ్నలే. మూడు సబ్జెక్టులు, ఒక్కోదాంట్లో 25. అందులో 20 నాలుగు ఆప్షన్లవి, 5 మనమే అంకె కొట్టవలసినవి. మూడు గంటలు, 300 మార్కులు. ఒప్పైతే నాలుగు, తప్పైతే మైనస్ ఒకటి. అంకె కొట్టే ప్రశ్నలకి కూడా మైనస్ ఉంది, అది మరిచిపోకండి. 2021 నుంచి 2024 దాకా వచ్చిన పాత పేపర్లలో 90 ప్రశ్నలు ఉంటాయి. ఒక్కో సబ్జెక్టులో అంకెల ప్రశ్నలు పదిచ్చి ఐదు రాయమనేవారు. ఆ ఛాయిస్ ఇప్పుడు లేదు. పాత పేపరు పెట్టుకొని సాధన చేసేవాళ్లు ఆ పదిలో మొదటి ఐదే రాయండి. సులువైనవి ఏరుకొని రాస్తే మీ స్కోరు మీకే అబద్ధం చెబుతుంది.

ఇప్పుడు ఒక లెక్క. ఒక అమ్మాయి 48 ప్రశ్నలు రాసింది, 30 ఒప్పు, 18 తప్పు. ఎంత? 120 లోంచి 18 తీస్తే 102. ఇంట్లో ఏమంటారు? "ఇంకా నాలుగు చాప్టర్లు చదువు" అంటారు. సరే, కష్టపడి చదివింది, కొత్తగా నాలుగు ప్రశ్నలు చేసింది, 16 మార్కులు పెరిగాయి. దానికి బదులు ఆ 18 తప్పుల్లో తనకి తెలిసే తప్పు పెట్టిన 9 ఉన్నాయనుకోండి. వాటిని సరిచేస్తే ఎంత పెరుగుతుంది? తొమ్మిది నాలుగులు 36 అంటున్నారా? కాదు! మైనస్ ఒకటి పోతుంది, ప్లస్ నాలుగు వస్తుంది. ఒక్కో తప్పు దిద్దితే ఐదు. తొమ్మిది ఐదులు 45. కొత్త చాప్టరు ఒక్కటీ ముట్టుకోకుండా 102 కాస్తా 147 అయింది. కొత్త ప్రశ్న నేర్చుకుంటే నాలుగు, పాత తప్పు దిద్దుకుంటే ఐదు. ఇది రాసుకోండి.

అందుకని ఒక నోటుబుక్కు పెట్టండి. రెండు వందల పేజీలది చాలు, రంగుల పెన్నులేమీ వద్దు. పేరు తప్పుల ఖాతా. టెస్టులో పోయిన ప్రతి ప్రశ్నకీ ఒక్క లైను. ఏ టెస్టు, ఎన్నో నంబరు, ఏ చాప్టరు, ఎలా పోయింది. ఈ ఆఖరి గడిలో ఐదు రకాలే ఉంటాయి. రాక పోయినవి. లెక్కలో పోయినవి. ప్రశ్న చదవడంలో పోయినవి. గుడ్డిగా పెట్టి పోయినవి. టైము లేక అసలు చూడకుండానే పోయినవి. సొల్యూషన్ మొత్తం ఎక్కించకండి. అది ఎలాగూ పుస్తకంలో ఉంది, మీ తప్పు మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. "సెంటీమీటర్లని మీటర్లు చెయ్యలేదు" అని రాయండి. "నాట్ కరెక్ట్ అన్నాడు, కరెక్ట్‌ది పెట్టాను" అని రాయండి. అంతే.

మరి "సిల్లీ మిస్టేక్ మేస్టారూ" అని రాయొచ్చా? ఆ మాట ఈ పుస్తకంలో నిషేధం. సిల్లీ అనగానే బుర్ర దాన్ని క్షమించేస్తుంది. క్షమించిన తప్పు మళ్లీ వస్తుంది.

మూడు గంటల టెస్టు రాస్తే ఆ ఖాతా రాయడానికి కనీసం మూడు గంటలు పడుతుంది. టెస్టు పొద్దున రాస్తే ఖాతా ఆ సాయంత్రమే రాయాలి. ఏ ఆప్షన్ ఎందుకు పెట్టామో మర్నాటికి గుర్తుండదు. తప్పు పోయిన ప్రశ్నని సొల్యూషన్ చూడకుండా మర్నాడు ఒకసారి, వారానికి ఒకసారి, మూడు వారాలకి ఒకసారి చెయ్యండి. మూడుసార్లూ వస్తే కొట్టేయండి. వారానికి రెండు టెస్టులు రాసి, రెండింటికీ ఖాతా రాయగలిగితే రాయండి. లేకపోతే ఒకటే రాయండి. ఖాతా రాయని టెస్టు థర్మామీటరు లాంటిది, జ్వరం ఎంతో చెబుతుందిగానీ తగ్గించదు.

ఐదు ఖాతాల్లో ఏది పెద్దదో చూశాకే మందు.

లెక్కలో పోయినవి ఎక్కువైతే? పరీక్షలో కాలిక్యులేటర్ ఉండదు, స్క్రీను మీద కూడా ఉండదు. చేతి లెక్కే. 30 దాకా వర్గాలు, 15 దాకా ఘనాలు నోటికి రావాలి. రూట్ రెండు 1.414, రూట్ మూడు 1.732. ఏడో వంతు 0.143, తొమ్మిదో వంతు 0.111. లాగ్ రెండు 0.301, లాగ్ మూడు 0.477. ఇవి వస్తే కెమిస్ట్రీలో పీహెచ్ లెక్కలు, ఎలెక్ట్రోకెమిస్ట్రీ లెక్కలు సగం టైములో అయిపోతాయి. ఇంకోటి, రఫ్ పేపరు. మీ రఫ్ పేపర్లు చూస్తే సంతలో కూరగాయలు పరిచినట్టు ఉంటాయి. పేపరు మధ్యకి మడవండి, ప్రశ్న నంబరు వేసి గీత గీసి దాని కిందే చెయ్యండి. మైనస్ గుర్తు ఒక లైను నుంచి రెండో లైనుకి వచ్చేసరికి మాయమవుతోందే, దానికి కారణం తెలివి తక్కువై కాదు, మూలమూలకి ఇరికించి రాయడం.

చదవడంలో పోయినవి. ఇది మన ఊరి పిల్లలకి ప్రత్యేకమైన జబ్బు, అందుకని ఇక్కడ కొంచెం నిలబడతాను. మనం ఇంట్లో తెలుగు, బజారులో తెలుగూ ఒడియా, క్లాసులో ఒడియా కలిసిన ఇంగ్లీషు, పుస్తకంలో ఇంగ్లీషు. సబ్జెక్టు మాటలు మీకు తెలుసు. ఎలెక్ట్రిక్ ఫీల్డ్ అంటే తెలుసు, ఈక్విలిబ్రియం అంటే తెలుసు. మిమ్మల్ని పడగొట్టేవి చిన్న మాటలు. "రెస్పెక్టివ్‌లీ" అంటే ఏటి? వరసగా, ముందు చెప్పినదానికి ముందుది, తర్వాత దానికి తర్వాతది. "అట్ లీస్ట్" అంటే కనీసం, "అట్ మోస్ట్" అంటే మహా అయితే. మూడు నాణేలు వేస్తే కనీసం ఒక బొమ్మ పడే సంభావ్యత? ఒక్కటీ పడనిది ఎనిమిదిలో ఒకటి, కాబట్టి ఎనిమిదిలో ఏడు. "అట్ లీస్ట్" అన్న మాట సరిగా చదవనివాడు ఒకటే బొమ్మ అనుకొని ఎనిమిదిలో మూడు పెడతాడు. ఆ ఆప్షన్ అక్కడ ఉండనే ఉంటుంది. "స్మూత్ సర్ఫేస్" అన్నాడంటే నున్నగా, అందంగా ఉందని కాదు, ఘర్షణ సున్నా అని. "ఇన్ఎక్స్‌టెన్సిబుల్" అంటే తాడు సాగదు, కాబట్టి రెండు దిమ్మలకీ ఒకే త్వరణం. "స్లోలీ" అన్నాడంటే ఆ నెమ్మదికి థర్మోడైనమిక్సులో ఒక అర్థం ఉంది. ఇలాంటివి అరవై డెబ్బై మాటలు ఉంటాయి, అంతకన్నా లేవు. ఖాతా వెనక పేజీల్లో తెలుగులో అర్థం రాసుకోండి. ప్రశ్న చదివేటప్పుడు మొదట ఆఖరి వాక్యం చదవండి, ఏం అడిగాడో, ఏ యూనిట్లలో అడిగాడో. ఆ తర్వాత పైనుంచి రండి.

అయితే పేపరు తెలుగులోనే రాయొచ్చు కదా అని ఎవరో అడుగుతున్నారు. మంచి ప్రశ్న. జేఈఈ మెయిన్ 13 భాషల్లో ఉంది, తెలుగూ ఉంది, ఒడియా కూడా ఉంది. కానీ తెలుగు పేపరు ఆంధ్ర, తెలంగాణ సెంటర్లలోనే ఇస్తారు. ఒడియా పేపరు ఒడిశా సెంటర్లలోనే. అంటే తెలుగు కావాలంటే శ్రీకాకుళమో విశాఖపట్నమో పెట్టుకోవాలి, బరంపురం పెట్టుకుంటే తెలుగు రాదు. ఫారం నింపేటప్పుడే ఎంచుకోవాలి. నా సలహా అడిగితే, పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివినా సరే, ప్లస్ టూ పుస్తకం ఇంగ్లీషులో చదివినవాళ్లు ఇంగ్లీషే పెట్టుకోండి. "కోణీయ ద్రవ్యవేగ నిత్యత్వం" అని పేపర్లో కనబడితే మన పిల్లలు యాంగ్యులర్ మొమెంటమ్ అని గుర్తుపట్టేసరికి నిమిషం పోతుంది. పైగా తర్జుమాలో తేడా వస్తే ఇంగ్లీషు పాఠమే ఆఖరిది.

ఇప్పుడు గుడ్డిగా పెట్టడం. పెట్టాలా, వద్దా? లెక్క కడదాం. నాలుగు ఆప్షన్లు, ఏదీ తెలీదు. నాలుగుసార్లు పెడితే ఒకసారి తగులుతుంది, ప్లస్ నాలుగు, మూడుసార్లు తప్పు, మైనస్ మూడు. నాలుగు ప్రశ్నలకి ఒక్క మార్కు లాభం. అంటే కాగితం మీద నష్టం లేదు. ఐదింటిలో ఒకటి తగిలితే సున్నా, అంతకన్నా ఎక్కువ తగిలితే లాభం. ఒక ఆప్షన్ కొట్టేయగలిగితే ప్రశ్నకి మూడింట రెండు వంతుల మార్కు, అంటే సుమారు 0.67. రెండు కొట్టేస్తే ఒకటిన్నర. మరి మీరు గుడ్డిగా పెట్టినప్పుడు ఎందుకు మునుగుతున్నారు?

ఎందుకంటే మీది గుడ్డి కాదు, సగం చూపు. 27 డిగ్రీల సెల్సియస్‌లో ఉన్న వాయువుని పీడనం మారకుండా వేడి చేస్తే ఘనపరిమాణం రెట్టింపైంది, ఉష్ణోగ్రత ఎంత? సగం తెలిసినవాడు రెట్టింపు అనగానే 54 పెడతాడు. కెల్విన్‌లోకి మార్చాలి, 300 కాస్తా 600, అంటే 327 డిగ్రీలు. ఇంకోటి. పర్లాకిమిడి నుంచి బరంపురం గంటకి 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లి, 60తో వచ్చాడు. సగటు వేగం? 50 అన్నవాళ్లు చేతులెత్తండి. ఆ, చాలామందే ఉన్నారు. 48. వెళ్లడానికి ఎక్కువసేపు పట్టింది కదా, ఆ వేగానికి బరువెక్కువ. 54 గానీ 50 గానీ ప్రశ్న తయారు చేసేవాడు ఊరికే పెట్టడు. పిల్లలు చేసే తప్పు ముందే చేసి చూసి, దాని జవాబు ఆప్షన్లలో పెడతాడు. ఏమీ తెలీనివాడికి నాలుగింటిలో ఒకటి, సగం తెలిసినవాడికి ఐదింటిలో ఒకటి కూడా దొరక్కపోవచ్చు. కాబట్టి మాక్ టెస్టుల్లో ఊహించి పెట్టిన ప్రతి ప్రశ్నకీ రఫ్ పేపర్లో నక్షత్రం వేయండి. పది టెస్టుల తర్వాత లెక్కపెట్టండి. నక్షత్రాల్లో ఐదింటికి ఒకటి కన్నా ఎక్కువ ఒప్పైతే మీరు పెట్టొచ్చు. లేకపోతే మీకు ఖాళీయే లాభం. అంకె కొట్టే ప్రశ్నలో మాత్రం ఊహ వద్దే వద్దు. అక్కడ ఆప్షన్లు నాలుగు కాదు కదా. జవాబుని దగ్గరి పూర్ణాంకానికి సవరించమంటాడు, అదీ చూసుకోండి. 6.7 వస్తే 7.

టైము. 180 నిమిషాలు, 75 ప్రశ్నలు, ప్రశ్నకి రెండు నిమిషాల ఇరవై నాలుగు సెకన్లు. కానీ అన్నిటికీ సమానంగా పంచకండి. కెమిస్ట్రీ 45 నిమిషాలు, ఫిజిక్సు 55, లెక్కలు 65. పావుగంట చేతిలో ఉంచుకోండి. స్క్రీను మీద ఏ వరసలో ఉన్నా కెమిస్ట్రీ నుంచి మొదలెట్టొచ్చు, సబ్జెక్టులు మార్చుకోవచ్చు. ఒక్కో సబ్జెక్టులో రెండు చుట్లు. మొదటి చుట్టులో చదవగానే దారి కనిపించినవే చెయ్యండి. నలభై సెకన్లలో దారి కనబడకపోతే దాటేయండి. రెండో చుట్టులో దారి కనబడినా పొడుగ్గా ఉన్నవి. ఏ ప్రశ్నకీ నాలుగు నిమిషాలు దాటకూడదు. "ఇంత చేశాను, ఇంకొంచెంలో వచ్చేస్తుంది" అనిపిస్తుంది చూశారా, అక్కడే లేవాలి. ఏడు నిమిషాలు మింగిన ప్రశ్నకీ నాలుగు మార్కులే. అది మింగేసినవి పేపరు చివర ఉన్న రెండు సులువైన ప్రశ్నలు, వాటిని మీరు చూడను కూడా చూడలేదు.

కంప్యూటరు దగ్గర పోయేవి కూడా ఉన్నాయి. ఆప్షన్ నొక్కి, "సేవ్ అండ్ నెక్స్ట్" నొక్కకుండా కుడిపక్క నంబర్ల పట్టీలో వేరే నంబరు నొక్కితే ఆ జవాబు నిలవదు. కీబోర్డు పనిచెయ్యదు, అంకెలు మౌసుతో స్క్రీను మీద కొట్టాలి. జవాబు పెట్టి రివ్యూకి గుర్తు పెట్టినది లెక్కలోకి వస్తుంది. జవాబు పెట్టకుండా గుర్తు పెట్టినది రాదు. ఈ పరీక్ష పెట్టే ఎన్‌టీఏ వాళ్ల సైటులో ఇదే స్క్రీనుతో మాక్ టెస్టులు ఉచితంగా ఉన్నాయి. ఫోనులో కాదు, నెట్ సెంటర్‌కి వెళ్లి పెద్ద స్క్రీను మీద కనీసం మూడు రాయండి. ఫోను మీద వేలితో రాసే అలవాటు మౌసు దగ్గర పనికిరాదు.

రాక పోయినవే ఎక్కువ ఉన్నవాళ్లు? మీ స్కోరు 70 లోపు ఉంటే ఈ టెస్టులన్నీ కొన్నాళ్లు పక్కన పెట్టండి. ముందు చాప్టర్లు. ఫిజిక్సులో యూనిట్లు, కరెంట్ ఎలెక్ట్రిసిటీ, రే ఆప్టిక్స్, మోడర్న్ ఫిజిక్స్, సెమీకండక్టర్లు. కెమిస్ట్రీలో మోల్ లెక్కలు, బాండింగ్, కోఆర్డినేషన్ కాంపౌండ్స్, ఎలెక్ట్రోకెమిస్ట్రీ, బయోమాలిక్యూల్స్. ఇనార్గానిక్ అంటే ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకం లైను లైనూ చదవడమే, దాటి వెళ్లొద్దు. లెక్కల్లో మాట్రిసెస్, వెక్టర్లు త్రీడీ, సీక్వెన్సెస్, స్టాటిస్టిక్స్. ఇవి చదివినంతకి పలికే చాప్టర్లు. రొటేషన్‌తో కుస్తీ తర్వాత పట్టొచ్చు. ఇంకోమాట. విశాఖపట్నంలో చదివిన అన్నయ్యల దగ్గర తెచ్చుకున్న పాత మెటీరియల్ మీలో చాలామంది దగ్గర ఉంది. 2024లో సిలబస్ తగ్గించారు. సాలిడ్ స్టేట్, సర్ఫేస్ కెమిస్ట్రీ, పాలిమర్లు, కమ్యూనికేషన్ సిస్టమ్స్, మేథమేటికల్ రీజనింగ్ తీసేశారు. ఎన్‌టీఏ ఇచ్చిన సిలబస్ కాగితం పక్కన పెట్టుకొని, లేని చాప్టర్ల మీద పెన్సిలుతో అడ్డంగా గీయండి. లేనిదాన్ని పట్టుకొని వారాలు పోగొట్టుకోవద్దు.

ఈ కాస్త మాట పెద్దవాళ్లకి. పర్సంటైల్ అంటే శాతం కాదు. 93 పర్సంటైల్ అంటే మీ షిఫ్టులో నూటికి 93 మందికి మీ పిల్లాడితో సమానంగా గానీ తక్కువగా గానీ వచ్చిందని. 2025లో రెండు సెషన్లూ కలిపి సుమారు 14.75 లక్షల మంది రాశారు. అంటే ఒక్క పర్సంటైల్ తేడాలో పద్నాలుగు వేల పైచిలుకు మంది. ఆ ఏడు ఐఐటీల ప్రవేశ పరీక్ష అడ్వాన్స్‌డ్ రాయడానికి జనరల్ కటాఫ్ 93.10. జనవరిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి, రెండింటిలో మంచిదే తీసుకుంటారు. అందుకని జనవరి పోయిందని ఇంట్లో శోకాలు పెట్టకండి. ప్లస్ టూ బోర్డు పరీక్షల్ని చిన్నచూపు చూడకండి. ఎన్ఐటీ లాంటి కేంద్ర ఇంజనీరింగ్ కాలేజీలో సీటు వచ్చినా ప్లస్ టూలో 75 శాతం ఉండాలి, ఎస్సీ ఎస్టీలకి 65, లేదంటే ఆ బోర్డులో పైన ఉన్న 20 పర్సంటైల్‌లో ఉండాలి. మన ఒడిశా ఇంజనీరింగ్ కాలేజీలకి, బుర్లా అయినా బరంపురం పర్లా మహారాజా కాలేజీ అయినా, బీటెక్ సీట్లు ప్రధానంగా ఈ జేఈఈ మెయిన్ ర్యాంకుతోనే.

ఇంకో సంగతి, ఇది మన సరిహద్దువాళ్లు తప్పకుండా తెలుసుకోవలసింది. "మా వాణ్ణి ఇంటర్‌కి శ్రీకాకుళం పంపించీసేం, సీటు ఒడిశాదే కదా మేస్టారూ" అంటారు. కాదు. ఎన్ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్లవి. సొంత రాష్ట్రం అంటే పుట్టిన ఊరు కాదు, ఇల్లున్న ఊరు కాదు, పన్నెండో తరగతి ఏ రాష్ట్రంలో పాసయ్యాడో అది. ఇక్కడ ప్లస్ టూ చదివితే రూర్కెలా ఎన్ఐటీ సొంతది. పాతపట్నం దాటి ఆంధ్రాలో ఇంటర్ చదివితే తాడేపల్లిగూడెం ఎన్ఐటీ సొంతది, రూర్కెలా పరాయిది. రెండూ మంచివే, కానీ పదో తరగతి అయిన వేసవిలోనే ఇది తెలిసి నిర్ణయించుకోండి. అలాగే పేరు. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఇక్కడి సర్టిఫికెట్లో వెనక రాస్తారు, ఆధార్‌లో పొడి అక్షరాలు. పదో తరగతి సర్టిఫికెట్లో ఎలా ఉందో ఫారంలో అలాగే కొట్టండి, ఆధార్‌ని దానికి సరిచేయించండి.

ఆంధ్రా ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ కూడా రాసేవాళ్లకి ఒక్కమాట. అక్కడి స్థానికత నియమాలు వేరు, అవి చూసుకొనే ఫీజు కట్టండి. పేపరు తీరు కూడా తిరగబడుతుంది. 160 ప్రశ్నలు, మూడు గంటలు, మైనస్ మార్కులు లేవు. అక్కడ ఖాళీ వదిలేస్తే తప్పు. ఆఖరి మూడు నిమిషాల్లో మిగిలినవన్నీ పెట్టేయండి. జేఈఈలో నేర్చుకున్న వదిలేసే అలవాటు అక్కడికి మోసుకెళ్లకండి.

బరంపురం సెంటరు పడినవాళ్లు ముందురోజు సాయంత్రానికే వెళ్లిపోండి. పొద్దున షిఫ్టు తొమ్మిదికి, గేటు అంతకుముందే మూసేస్తారు, ఆ టైము అడ్మిట్ కార్డు మీద ఉంటుంది. నూరు కిలోమీటర్ల పైన దారిలో తెల్లవారుజామున బస్సు చెడిపోతే ఎవరూ ఏమీ చెయ్యలేరు. మూడు వారాల ముందు నుంచి ఆదివారం టెస్టులు పరీక్ష జరిగే టైముకే రాయండి. తొమ్మిది గంటల పరీక్షకి రాత్రి పదకొండింటికి సాధన చేస్తే బుర్ర తొమ్మిదింటికి నిద్రలోనే ఉంటుంది.

అంకెల ప్రశ్నల్లో ఐదూ వదిలేయొచ్చా అని వెనక నుంచి అడుగుతున్నారు. వదలొద్దమ్మా. మాట్రిసెస్, మోల్ లెక్కల్లాంటి వాటి నుంచి వస్తే అవి ఆప్షన్ల ప్రశ్నల కన్నా సులువుగా కూడా ఉంటాయి. మొదటి చుట్టులో వాటినీ చూడండి.

సరే, వచ్చే ఆదివారం ఇక్కడే టెస్టు. తొమ్మిదికి తలుపు వేసేస్తాం. నోటుబుక్కు కొనుక్కొని రండి, మొదటి పేజీలో ఐదు ఖాతాల పేర్లు రాసి ఉండాలి. టెస్టయ్యాక భోజనం చేసి మళ్లీ రెండింటికి రండి, ఖాతా ఇక్కడే కూర్చుని రాద్దాం. పెద్దవాళ్లు అయిదున్నరకి వచ్చి తీసుకెళ్లండి.